మోటారు కాలిపోయిన రోజు కూడా స్తోత్రం చెప్పాలా?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది టంగుటూరు దగ్గర పల్లెటూరు. అంగన్‌వాడీ టీచరుగా చేస్తున్నాను. మా ఆయన చీమకుర్తి నుంచి గ్రానైటు లోడు తోలే లారీ డ్రైవరు. రెండేళ్ల కిందట యాక్సిడెంటయి కాలికి రాడ్లు వేశారు. అప్పుడు నేను భయపడలేదు. ఆస్పత్రి వరండాలో మోకరించి ప్రార్థన చేశాను. సంఘమంతా మా కోసం ఉపవాసం ఉంది, దేవుడు ఆయన్ని బతికించాడు. ఇప్పుడు నడుస్తున్నాడు, ఊళ్లోనే ఆటో తోలుకుంటున్నాడు. తీరా ఇప్పుడు నా మనసు బాగుండటం లేదు. అత్తమ్మ మంచాన పడింది. ఈ వేసవిలో బోరు మోటారు రెండుసార్లు కాలిపోయింది. సెంటర్లో ఫోన్ సరిగా పనిచేయదు, పై నుంచి మెసేజీలు మాత్రం ఆగవు. పాపకి ఇంటర్లో మ్యాథ్స్ పోయింది. అన్నిటికీ విసుగొస్తోంది, అరుస్తున్నాను. ఆదివారం సాక్ష్యాలు చెప్పేటప్పుడు లేవలేకపోతున్నాను. స్త్రీల కూడికలో ఇది చెప్పుకుంటే పాస్టరమ్మగారు, ‘ప్రతి విషయంలో స్తోత్రం చెప్పాలి, నీలో కృతజ్ఞత తగ్గింది కాబట్టే ఆశీర్వాదం ఆగింది’ అన్నారు. అప్పటి నుంచి ప్రార్థనకి కూర్చుంటే నోట మాట రావడం లేదు. అంత పెద్ద కష్టంలో నిలబడినదాన్ని మోటారు కాలిపోతే పడిపోతున్నానేంటి? నాలో విశ్వాసం పోయిందా? ఆమె దగ్గర ఈ మాట మళ్లీ ఎత్తాలా, వదిలేయాలా?
— ఒక సహోదరి, ప్రకాశం జిల్లా

సమాధానం:

చెల్లెమ్మా, వందనాలు.

నీ విశ్వాసం ఎక్కడికీ పోలేదు. అది నిన్ను ఓదార్చడానికి అంటున్న మాట కాదు. ఎందుకంటున్నానో చెబుతాను, నిదానంగా చదువు.

యాక్సిడెంటు రోజులు ఒకసారి గుర్తు తెచ్చుకో. ఆస్పత్రిలో నీ పక్కన ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు. ఇంట్లో పిల్లకి అన్నం ఎవరో పెట్టారు. పాస్టరుగారు వచ్చారు, ఉపవాస ప్రార్థనలు జరిగాయి, చుట్టాలు ఫోన్లు చేశారు. నువ్వు దేవుణ్ణి అడిగింది కూడా ఒక్కటే, ఆయన బతకాలని. ఇప్పటి కష్టాలకు ఇవేవీ లేవు. మోటారు కాలిపోయిందని సంఘంలో ఎవరూ ఉపవాసం ఉండరు. అత్తమ్మ పక్క తడిసిందని ఎవరూ ఫోన్ చేయరు. మనవాళ్లు ఇల్లు కడితే, ఉద్యోగం వస్తే, పిల్లవాడికి ఏడాది నిండితే షామియానా వేసి కృతజ్ఞత కూడిక పెడతారు, అందరినీ పిలిచి భోజనాలు పెడతారు. ఒక మామూలు మంగళవారం ఏ గొడవా లేకుండా గడిచిందని కూడిక పెట్టినవాళ్లను నేనైతే చూడలేదు. అంటే పెద్ద కష్టాన్ని నువ్వు పదిమందితో కలిసి మోశావు. ఈ చిన్నవాటిని ఒక్కదానివే మోస్తున్నావు, అదీ రోజూ. పైగా అప్పట్లో కూలబడటానికి తీరిక లేక ఆపుకున్న అలసటంతా ఇప్పుడు ఆయన లేచి తిరుగుతున్నాక బయటికొస్తోంది. మా అత్తగారు మంచాన ఉన్నప్పుడు నేనూ చేశాను కాబట్టి ఇది నాకు బాగా తెలుసు.

నీ ఉత్తరం చాలా పెద్దది, పైన కుదించి ఇచ్చాం. అందులో ఒక రోజు గురించి రాశావు. తెల్లారుజామున స్విచ్ వేస్తే మోటారు మూలిగి ఆగిపోయింది, కాలిన వాసన వచ్చింది. లోపల అత్తమ్మ పక్క తడిసి ఉంది, ఉతకడానికి నీళ్లు లేవు. పక్కింటి ఆవిడ రెండు బిందెలు ఇచ్చింది. సెంటర్‌కి ఆలస్యంగా వెళ్లావు. సరుకు తీసుకోవడానికి మూడు నెలల పసిబిడ్డతో ఒక అమ్మాయి వచ్చి నిలబడి ఉంది. సరుకు ఇచ్చే ముందు ఫోన్ ఆమె ముఖం గుర్తుపట్టాలి, అది పట్టుకోవడం లేదు. గుమ్మంలో వెలుతురుకి నిలబెట్టావు, తల మీది కొంగు తీయమన్నావు, మళ్లీ ఫోటో తీశావు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది, బిడ్డ ఏడుస్తోంది, ఇంతలో రిపోర్టు ఇంకా పంపలేదేమని పై నుంచి మెసేజీ. సరిగ్గా అప్పుడే ఒక పిల్లవాడు పప్పన్నం ప్లేటు ఒలకబోశాడు. వాడి మీద గట్టిగా అరిచావు. వాడు ఏడవలేదని, ఖాళీ ప్లేటు పట్టుకుని నీ ముఖంలోకే చూస్తూ నిలబడిపోయాడని రాశావు. ‘ఆ చూపు నన్ను వదలడం లేదు అక్కా’ అన్నావు. నాలుగేళ్ల బిడ్డ చూపుకి ఇంతగా కుమిలిపోతున్నదానివి, నీ మనసు ఎండిపోయిందని నేను ఎలా నమ్ముతాను?

సంఖ్యాకాండం 11వ అధ్యాయం తీసి చదువు. వీలైతే ఈ రాత్రే చదువు. మోషే ఐగుప్తు నుంచి నడిపించుకొచ్చిన జనం ఎడారిలో దేవుడిచ్చిన మన్నా అనే ఆహారం తిని తిని విసిగిపోయారు. ఐగుప్తులో తిన్న చేపలు, దోసకాయలు, ఉల్లిపాయలు తలుచుకుని ఎవరి గుడారం ముందు వాళ్లు కూర్చుని ఏడ్చారు. దేవుడికి కోపం వచ్చింది. ఈ భాగం మనకు ప్రసంగాల్లో బాగానే వినబడుతుంది, సణగకూడదని చెప్పడానికి. కానీ అదే అధ్యాయంలో మోషే కూడా ఫిర్యాదు చేశాడు, అదీ జనం చేసినదానికంటే గట్టిగా. ఈ జనాన్నంతా నేను కన్నానా, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు వీళ్లను నేను మోయాలా, ఇంత బరువు ఒక్కణ్ణి మోయలేను, ఇలాగే చేసేట్టయితే నన్ను చంపెయ్యి అన్నాడు. దేవుడితోనే అన్నాడు ఈ మాటలు. పొద్దున లేస్తే పసిపిల్లల్ని ఎత్తుకునే ఉద్యోగం నీది, ఆ మాటలో ఉన్న నడుము నొప్పి నాకంటే నీకే బాగా తెలుస్తుంది.

దేవుడు మోషేని కోప్పడలేదు. నీలో కృతజ్ఞత తగ్గింది అనలేదు. ఎర్రసముద్రం దాటించిన సంగతి మరిచిపోయావా అని నిలదీయలేదు. పెద్దల్లో 70 మందిని పోగు చేసుకుని రా, నువ్వొక్కడివే మోయకుండా వాళ్లు కూడా నీతో మోస్తారు అన్నాడు. జనం తమలో తాము ఏడ్చారు, మోషే దేవుడి ముఖం మీద చెప్పాడు. ఆ రెంటికీ దేవుడు చూపిన తేడా అంత ఉంది. నువ్వు ఇప్పుడు ప్రార్థనలో నోరు రావడం లేదంటున్నావే, స్తోత్రం తప్ప ఇంకో మాట అనకూడదని ఎవరో చెప్పడం వల్ల నీ నోరు మూసుకుపోయింది. లోపలున్న మాట వేరు, అనాల్సిన మాట వేరు అయితే ఎవరికి మాత్రం నోరొస్తుంది? లోపలున్నదే అను. ‘ప్రభువా, మోటారు మళ్లీ కాలిపోయింది, నా చేతిలో డబ్బు లేదు, నాకు విసుగ్గా ఉంది’ అను. అది ప్రార్థనే. దావీదు కూడా 13వ కీర్తనను ఎన్నాళ్లు నన్ను మరిచిపోతావు అనే మొదలుపెట్టాడు. చివర్లో పాట పాడతాను అన్నాడు. మొదటి మాట దాచిపెట్టి ఉంటే చివరి మాట ఆయన నోట వచ్చేది కాదని నా నమ్మకం.

ఇక పాస్టరమ్మగారు చెప్పిన వచనం. మొదటి థెస్సలొనీకయుల పత్రిక 5వ అధ్యాయం 18వ వచనం. ప్రతి విషయంలోనూ కృతజ్ఞత చెల్లించమని పౌలు రాసిన మాట నిజం, దాన్ని తేలిక చేయడానికి నాకు అధికారం లేదు. అయితే దానికి నాలుగు వచనాల ముందు, 14లో, అదే సంఘానికి ఆయన ఇంకో పని చెప్పాడు. ధైర్యం చెడినవాళ్లకు ధైర్యం చెప్పండి, బలహీనులకు ఊతమివ్వండి, అందరి విషయంలో ఓర్పుగా ఉండండి అని. నీకు 18వ వచనం వినిపించిన కూడిక ముందు 14వ వచనం చేసి చూపించాల్సింది. ఆ రోజు ఒక్క ఆడమనిషైనా లేచి, సరే చెల్లీ, రేపు మీ అత్తమ్మ దగ్గర నేను కూర్చుంటాను అని ఉంటే ఈ ఉత్తరం నాకు వచ్చేదే కాదు.

కృతజ్ఞత లేక ఆశీర్వాదం ఆగిందన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు బాగుపడ్డారు. ఒక్కడే తిరిగొచ్చి యేసు కాళ్ల మీద పడ్డాడు. తొమ్మిదిమంది ఏరి అని ప్రభువు అడిగాడు, ఆ అడగడంలో బాధ ఉంది. కానీ ఆ తొమ్మిదిమందికి రోగం తిరగబెట్టిందని ఎక్కడా రాసి లేదు. ఇచ్చింది ఆయన వెనక్కి లాక్కోలేదు. కృతజ్ఞత దేవుడికి మనం కట్టే వాయిదా కాదు, ఒక నెల తప్పితే సరుకు ఎత్తుకుపోవడానికి. మీ ఆయన కాలు నీ స్తోత్రాల లెక్క మీద నిలబడి లేదు తల్లీ. ఆ భయం ముందు తీసి పక్కన పెట్టు.

మన ఒంగోలు ప్రాంతం వాళ్లం ఇంకొకటి కూడా గుర్తు పెట్టుకోవాలి. 1878 జూలై 3న మద్దిపాడు దగ్గరి వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మనవాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. చెప్పుకోవాల్సిందే. కానీ నన్ను ఎక్కువ కదిలించేది దాని ముందు జరిగిన సంగతి. 1876 నుంచి 78 వరకు ఘోరమైన కరువు. జనం ఆకలితో ఒంగోలు మిషను బంగళాకు వస్తుంటే, మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో 3.5 మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. వచ్చినవాళ్లకు పలుగు, పార ఇచ్చి కూలి ఇప్పించారు. బాప్తిస్మం అడిగినవాళ్లకు కరువు కాలంలో ఇవ్వకుండా ఆపారు, తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. ఆకలిగా ఉన్నవాడి ముందు కూలి పెట్టారు, అన్నం పెట్టారు. బైబిల్లో కూడా అంతే, కొండ మీద నిప్పు దింపిన ఏలీయా ప్రవక్త, ఆ వెంటనే ఒక్క రాణి పంపిన కబురుకి హడలిపోయి చెట్టు కింద పడుకుని చావు కోరుకుంటే, దూత వచ్చి నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాడు నీళ్లు పెట్టి మళ్లీ పడుకోనిచ్చాడు. ప్రశ్నలు తరవాత వచ్చాయి. అలసిన మనిషికి దేవుడు చేసిన సేవ అది. కాబట్టి నువ్వు కూడా నీ నిద్రను, నీ తిండిని భక్తికి సంబంధం లేని సంగతులుగా చూడకు.

ఇప్పుడు చేయాల్సిన పనులు. నీ 70 మందిలో మొదటివాడు మీ ఆయనే. నీ ఉత్తరం మొత్తంలో అత్తమ్మ పనంతా నువ్వు చేస్తున్నట్టే ఉంది. ఆమె ఆయనకి తల్లి. బరువు ఎత్తలేకపోవచ్చు, కాలు అడ్డం. కానీ ఆటో పదింటికి తీస్తాడంటున్నావు, అప్పటిదాకా తల్లికి ముఖం కడిగించి టిఫిను తినిపించవచ్చు, మందులు వేయవచ్చు. ఆయన అంతట ఆయన చేస్తాడని ఎదురుచూసి లోపల లోపల ఉడికిపోకుండా, ఈ పని నీది అని నెమ్మదిగా ఒక్కసారి చెప్పు. ఆడపడుచు కావలిలో ఉందన్నావు. ఏడాదిలో రెండు మూడు సార్లు పది రోజుల చొప్పున అమ్మను తీసుకెళ్లమని, లేదా తనే వచ్చి ఉండమని మీ ఆయన చేత అడిగించు. నువ్వు అడిగితే వదిన వదిలించుకుంటోంది అనుకుంటుంది, కొడుకు అడిగితే ఆ మాట రాదు. సంఘంలో ఆడవాళ్లను ‘ప్రార్థన చేయండి’ అని మాత్రమే అడగకు. ‘బుధవారం మధ్యాహ్నం రెండు గంటలు అత్తమ్మ దగ్గర కూర్చుంటారా’ అని అడుగు. రోజు చెప్పి, టైము చెప్పి అడిగితే మనుషులు కాదనరు.

మోటారు సంగతి. ఒక్క వేసవిలో రెండుసార్లు కాలిందంటే దాన్ని శోధన అనుకుని ఊరుకోవద్దు. బోరులో నీళ్లు కిందికి దిగిపోయి మోటారు వట్టిగా తిరుగుతూ ఉండొచ్చు, లేదా వోల్టేజీ పడిపోతూ ఉండొచ్చు. కాయిలు చుట్టించి మళ్లీ దింపేసే ముందు నీటి మట్టం చూడమని మెకానిక్‌ని అడుగు. పైపు ఇంకొంచెం దింపాలా, నీళ్లు లేనప్పుడు దానంతటదే ఆగిపోయే స్టార్టరు పెట్టాలా కనుక్కో. కొంచెం ఖర్చే, మూడోసారి చుట్టించడం కంటే నయం. ప్రతి ఇబ్బందినీ సాతాను ఖాతాలో రాసేస్తే మనం సరిచేసుకోగలిగినవి కూడా సరిచేసుకోం.

పాప మ్యాథ్స్‌కి సప్లిమెంటరీ ఉంది, రాస్తుంది. ఆ అమ్మాయి ముందు ‘మన ఇంటికి ఏమైందో’ అనే మాట అనకు, అంతే.

నీ ఆరోగ్యం మాత్రం తేలిగ్గా తీసుకోకు. విసుగు, అలసట, ఊరికే ఏడుపు రావడం ఒక్కోసారి రక్తం తక్కువై వస్తాయి, థైరాయిడ్ వల్లా వస్తాయి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ రెండూ చూపించుకో. గర్భిణులకు రక్త పరీక్షల గురించి రోజూ చెప్పేదానివి, నీకు నువ్వు చెప్పుకోవాలి. రెండు వారాలు దాటినా మనసు లేవకపోతే, నిద్ర పట్టకపోతే, బతకాలనిపించకపోతే డాక్టరు దగ్గర ఆ మాటే చెప్పు. 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, డబ్బు కట్టక్కర్లేదు. డాక్టరు దగ్గరికెళ్తే విశ్వాసం తక్కువైనట్టు కాదు. సువార్త రాసిన లూకాను పౌలు ప్రియమైన వైద్యుడు అన్నాడు.

మరి కృతజ్ఞత? దాన్ని నేను పక్కన పెట్టమనడం లేదు. అది లేకపోతే మనిషి చేదెక్కిపోతుంది, ముందు ఇంట్లోవాళ్లకి, తరవాత తనకే. కాకపోతే నీ కష్టాలు చిన్నచిన్నవి, నీ స్తోత్రాలేమో పెద్దపెద్దవి. ‘ఇంతవరకు కాచి కాపాడిన దేవా’ అని మొదలుపెడుతున్నావు, ఆ మాట నిన్ను తాకడం లేదు. ఆ రోజుకి దొరికినదాన్ని పేరు పెట్టి చెప్పు. మోటారు కాలిన రోజు మోటారు కాలినందుకు స్తోత్రం చెప్పనక్కర్లేదు. పక్కింటి ఆవిడ ఇచ్చిన రెండు బిందెలకు చెప్పు. ఆమెకు కూడా నీళ్లు కొరతే, అయినా ఇచ్చింది. దేవుడికి చెప్పి ఊరుకోకుండా ఆమె గడపకి వెళ్లి ఆమెతో కూడా చెప్పు. ఆ ఒక్క కుష్ఠరోగి వెనక్కి నడిచొచ్చి చెప్పాడు కదా. అత్తమ్మ ఒక పూట కడుపునిండా తింటే దానికి చెప్పు. ఫోన్ మొదటిసారికే ముఖం పట్టుకుంటే దానికి చెప్పు, దేవుడు ఇంత చిన్నదానికి నవ్వుకుంటాడేమో అనుకోకు. చెప్పడానికి ఏమీ దొరకని రోజులు వస్తాయి. ఆ రోజు ‘ప్రభువా, ఇవాళ నాకేమీ కనబడలేదు’ అని పడుకో. 88వ కీర్తన చీకటి అనే మాటతో ముగుస్తుంది, అయినా దాన్ని మన బైబిల్లోనే ఉంచారు.

రోజూ పొద్దున పిల్లల్ని కూర్చోబెట్టి ప్రార్థన చెప్పించలేవు, అది ప్రభుత్వ సెంటరు, అన్ని మతాల పిల్లలూ వస్తారు. కానీ ప్లేటు ఒలకబోసిన ఆ పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచి, ‘ఆ రోజు టీచరు ఊరికే అరిచిందిరా, తప్పు నీది కాదు’ అని చెప్పగలవు. వాడు మరిచిపోయి ఉంటాడులే అనుకోకు. చెప్పాక వాడి పప్పన్నంలో ఇంకొంచెం పప్పు వెయ్యి. ఆ రాత్రి నీ ప్రార్థన ఎలా వచ్చిందో చూసుకో.

సాక్ష్యం చెప్పడానికి లేవలేకపోతున్నానని బాధపడొద్దు. ఊరికే కూర్చో. లేవాలనిపించిన రోజు, ముగింపు బాగున్న సంగతి కోసమే వెతుక్కోకు. ‘నేను అలిసిపోయి ఉన్నాను, నా ఇంటి కోసం ప్రార్థన చేయండి, బుధవారం ఎవరైనా వచ్చి కూర్చుంటే మేలు’ అన్నా సాక్ష్యమే. నువ్వు ఆ మాట అంటే, నీలాగే తల వంచుకుని కూర్చున్న ఇంకో ఇద్దరు ముగ్గురికి ఊపిరి వస్తుంది. ప్రతి సంఘంలోనూ ఉంటారు.

పాస్టరమ్మగారితో మాట్లాడాలా అన్నావు. మాట్లాడు. కూడికలో కాదు, ఆమె ఇంటికి వెళ్లి, ఇద్దరే ఉన్నప్పుడు. అమ్మగారూ, ఆ రోజు మీరన్న మాటకి నాకు ప్రార్థన ఆగిపోయింది, మీతో చెప్పకుండా లోపల పెట్టుకోవడం నాకిష్టం లేదు అని చెప్పు. ఆమె నీకు చెడు కోరి అని ఉండదు. పల్లెటూరి పాస్టరమ్మల బతుకు నేను దగ్గర నుంచి చూశాను. అందరి ఇళ్ల దుఃఖాలూ వాళ్ల వంటింట్లోకే వస్తాయి, వాళ్ల దుఃఖం చెప్పుకోవడానికి ఒక గడప ఉండదు. తన భయాలకు తను రోజూ చెప్పుకునే మాటే నీకూ చెప్పి ఉండొచ్చు. ఎలా ఉన్నారు అమ్మగారూ అని నువ్వే ముందు అడుగు. ఆమె విని, అయ్యో అంటే, బుధవారం సంగతి మొదట ఆమెనే అడుగు. వినకుండా మళ్లీ అదే మాట అంటే వాదించకు, 14వ వచనం ఒక్కసారి కలిసి చదువుదాం అమ్మగారూ అని చదివించి, ప్రార్థన చేయించుకుని వచ్చెయ్యి. సంఘం మానొద్దు.

కావలి నుంచి మీ ఆడపడుచు ఏమందో నాకు రాయి.